పూజపీట మీద రైఫిల్ ముక్క

సుబ్బమ్మ పూజపీట చూస్తే చాలు, ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేసుకుని బతుకుతున్నారో చెప్పేయొచ్చు. కత్తిపీట, కొబ్బరికోరు ఆవిడవి. కత్తెర, కొలతటేపు కోడలు రాధవి. టాక్సీ నడిపే కొడుకు జయరాం మారు తాళంచెవుల గుత్తి తెచ్చి పెట్టాడు. వెనకగదిలో అద్దెకుంటున్న అభిజిత్ లాప్‌టాప్‌కి గంధం రాసి, అది తెరుచుకునేచోట జాగ్రత్తగా ఒక బొట్టు పెట్టారు. ఇన్నింటి నడుమ, ఎర్రగుడ్డ మీద, జానెడు పొడవున్న ఇనపముక్క ఒకటి బొట్లూ బంతిపువ్వూ పెట్టుకుని పెళ్లికూతురిలా కూర్చుంది.

సింగపూర్ హౌగాంగ్‌లోని ఆ ఫ్లాట్‌కి పొద్దుటి నుంచి వచ్చినవాళ్లంతా దాన్ని చూసి ముచ్చటపడ్డారు. భయపడింది మాత్రం సుబ్బమ్మ మనవరాలు కీర్తిక ఒక్కతే. అదేమిటో తెలిసింది ఆమె ఒక్కతెకే మరి.

దాన్ని యాక్షన్ అంటారు. రైఫిల్‌కి ముందుండే గొట్టం, వెనకుండే చెక్క పిడి ఊడదీస్తే నడిమిన మిగిలే భాగం అది. బోల్టు ముందుకీ వెనక్కీ జారేది అందులోనే. ఒట్టి యాక్షన్‌తో ఈగని కూడా చంపలేం. కాని సింగపూర్‌లో చట్టానికి అలాంటి వాదనలు పట్టవు. తుపాకీ ముక్కయినా తుపాకీ కిందే లెక్క. అనుమతి లేకుండా ఇంట్లో దొరికితే జైలు ఖాయం. ఆ సంగతి కీర్తికకి తెలియదా అంటే, అక్షరం పొల్లుపోకుండా తెలుసు. తెలిసీ తెచ్చింది. తెలివైనవాళ్లు చేసే తెలివితక్కువ పనులు ఇలాగే ఉంటాయి.

ఆడపిల్లకి తుపాకుల గొడవేమిటని మీరు అడగనక్కర్లేదు, చుట్టాలందరూ ఎప్పుడో అడిగేశారు. అవి వై టూ కే రోజులు. కంప్యూటర్లన్నీ కొత్త ఏడాది రాగానే తలకిందులైపోతాయని లోకం వణికిపోతుంటే, వాటిని బాగుచెయ్యడానికి మన కుర్రాళ్లు విమానాలకి విమానాలు దిగుతున్నారు. రెండు వేళ్లతో కీబోర్డు కొట్టగలిగినవాడికల్లా పిలిచి ఉద్యోగమిస్తున్న కాలం. అలాంటి కాలంలో కీర్తిక పాలిటెక్నిక్ చదువు ముగించి, ఊరికి ఆ చివర బూన్ లే అవతల ఒక షూటింగ్ క్లబ్బులో తుపాకుల మరమ్మతు నేర్చుకోడానికి చేరింది. చదువుకునే రోజుల్లో అక్కడే గురి నేర్చుకుంది. ఓ రోజు పోటీ మధ్యలో బోల్టు పట్టేస్తే, ఆయుధాలగది పెద్ద భద్రయ్య దాన్ని విప్పి, లోపల ఎక్కడో వేలికి కూడా తగలని గరుకుని ఆకురాయితో రెండుసార్లు తీసి చేతిలో పెట్టాడు. బోల్టు నెయ్యి రాసినట్టు జారింది. గెలుపోటములు మరిచిపోయి ఆ పిల్ల ఆయన చేతులకేసే చూస్తూ ఉండిపోయింది.

భద్రయ్యా సుబ్బమ్మా ఒకే చోట పెరిగినవాళ్లు. ఇద్దరి తండ్రులూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి తెల్లవాళ్ల నౌకాస్థావరంలో పనిచేశారు, ఒకే వరస క్వార్టర్లలో కాపురమున్నారు. భద్రయ్య అక్కడి వర్క్‌షాపులోనే తుపాకుల పని నేర్చాడు. అబద్ధం ఆడడు. పొగడడం అంతకన్నా లేదు. కీర్తిక ఎంత బాగా చేసి చూపించినా బొటనవేలితో తడిమి, "పర్లేదు" అనేవాడు. ఆయన నోట "బాగుంది" అనిపించుకోవాలని ఆమెకి పిచ్చి పట్టుదల.

పని నేర్చుకోవాలంటే పాడుచెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి. దర్జీకి పాత బట్టలుంటాయి, వడ్రంగికి విరిగిన కుర్చీలుంటాయి. మెంబర్ల రైఫిళ్ల మీద చెయ్యి తిప్పుకోనిస్తారా ఎవరైనా? ఇంటర్నెట్‌లో ఏదో అమెరికా స్కూలువాళ్లు, పాత యాక్షన్లు చవగ్గా దొరుకుతాయి, నాలుగు కొనుక్కుని వాటి మీద నేర్చుకోండి అని తీరుబడిగా రాశారు. అభిజిత్ ఉత్సాహపడి, తన కార్డు మీద ఆర్డరు పెడతాను, పదిహేను రోజుల్లో గుమ్మంలోకి వస్తుందన్నాడు. గుంటూరు నుంచి వచ్చి ఏడాది కాని అభిజిత్‌కి ఇంటర్నెట్‌లో కనబడిందల్లా గుమ్మంలోకి వస్తుందని నమ్మకం. కీర్తిక ఈ మాట చెప్పగానే భద్రయ్య ఒంటికాలి మీద లేచాడు. పార్సిలు కన్నా ముందు గుమ్మంలోకి పోలీసులొస్తారని, ఆ అబ్బాయికి సామాను సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వరని తిట్టిపోశాడు.

తిట్టాడే గాని మరిచిపోలేదు. ఆ ఏడు క్లబ్బు పాత రైఫిళ్లు కొన్నింటిని తీసేసి, పోలీసుల ఎదుట కోయించి పారేసే ఏర్పాటు చేసింది. భద్రయ్య అధికారుల చుట్టూ తిరిగి, ఇద్దరు ముగ్గురి చేత కాదనిపించుకుని, చివరికి రెండు యాక్షన్లు కోతకి పోకుండా ఆపించాడు. నేర్చుకునే పిల్ల పరీక్ష పూర్తయ్యేదాకా అవి ఆయుధాలగదిలోనే ఉండాలి, గడప దాటకూడదు, దాటితే తన లైసెన్సు తీసేసుకోవచ్చు అని సంతకం పెట్టాడు. ఆ రెండు ఇనపముక్కలు బల్ల మీద పెట్టినరోజు కీర్తికకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకటి మరీ తుప్పుపట్టిపోయి ఉంది. దాన్నే ముందు తీసుకుంది. నెలల తరబడి రుద్దీ, నునుపు చేసీ, బోల్టు జారే గాడిని అద్దంలా తయారుచేసింది. పరీక్ష దగ్గరపడింది. అది గట్టెక్కితే ఆమెకీ సొంత అనుమతి వస్తుంది, భద్రయ్య తర్వాత ఆ గది తాళాలు ఆమె చేతికే వస్తాయి. అంత దూరం వచ్చాక చేసింది ఈ పని.

చెయ్యడానికి కారణం కూడా చెప్పుకోవాలి. కిందటి దసరాకి ఆయుధపూజలో కీర్తిక తన ఆకురాళ్లు పెట్టింది. మేనత్త కూతురు అక్షర వచ్చింది. బ్యాంకులో కంప్యూటర్ల పని, కొత్త సెల్‌ఫోను, చక్కటి బట్టలు. పీట కేసి చూసి, ఇవి నెయిల్ ఫైల్సా అని అడిగింది. అందరూ నవ్వారు. తండ్రి జయరాం కూడా నవ్వాడు, అదే కీర్తికకి గుచ్చుకుంది. ఈ ఏడు సుబ్బమ్మ మళ్లీ అడిగింది. చిన్నాచితకా తేకే, నువ్వు దేని మీద విద్య నేర్చుకుంటున్నావో అది తీసుకురా, దానికి బొట్టు పెడితే నీకు పరీక్షలో కలిసొస్తుంది అంది. పెద్దావిడకి చట్టమేం తెలుసు? ఆవిడ దృష్టిలో అదీ కత్తిపీటా ఒకటే.

రోజూ సాయంత్రం రెండు యాక్షన్లనీ బీరువాలో పెట్టి తాళం వెయ్యడం కీర్తిక పని. అష్టమి సాయంత్రం ఒక్కటే పెట్టింది. తను నునుపు చేసిన రెండోదాన్ని తువ్వాల్లో చుట్టి టిఫిన్ డబ్బా సంచిలో దించింది. నవమికి సెలవిచ్చింది భద్రయ్యే. దశమి పొద్దున్నే ముందుగా వచ్చి గది తెరిచేది తనే, అప్పుడు తిరిగి పెట్టేస్తే సరిపోతుందనుకుంది. బూన్ లేలో ట్రైన్ ఎక్కేటప్పుడు స్టేషన్లో పోలీసు ఒకడు ఎవరి సంచినో తెరిపించి చూస్తున్నాడు. కీర్తిక తన సంచిని చంకలోకి లాక్కుంది. వాడు తలెత్తి ఆమెను చూసి, మళ్లీ ఆ సంచిలోకే చూపు దింపాడు. ఇల్లు చేరేదాకా ఒళ్లో సంచి మీంచి చేతులు తియ్యలేదు.

ఇప్పుడది పీట మీదుంది. తెల్లవారుజామున పూజ అయింది. జయరాం బొట్టు పెట్టిన టాక్సీ వేసుకుని వెళ్లిపోయాడు, రాధ పనికి పోయింది. అభిజిత్ మాత్రం లాప్‌టాప్ లేక చేతులు విరిగినవాడిలా హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నవమి నాడు పీటెక్కిన పనిముట్టుని దశమి పొద్దున సుబ్బమ్మ అక్షింతలు వేసి, ఉత్తరం దిక్కుకి జరిపేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ ఇంట్లో దానికి తిరుగులేదు.

ఎదురింటి అరుంధతి ఆంటీ ప్రసాదానికి వచ్చింది, వెంట మనవరాలు చాందిని. ఆ పిల్ల తండ్రి పోలీసుశాఖలో ఉద్యోగి. చాందిని పీట ముందు గొంతుక్కూర్చుని ఇనపముక్కకేసి కాసేపు చూసి, తాపీగా, సింగపూర్ ఇంగ్లీషులో అంది:

"అమ్మమ్మా, దిస్ వన్ గన్ లా. డాడీ హావ్ ఆల్సో."

కీర్తిక కుట్టుమిషన్ పార్టు అనేసింది, నోటికొచ్చిందదే. అరుంధతి కుట్టుమిషన్ పార్టుకేసి కొంచెం ఎక్కువసేపే చూసి, శనగలు కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. సాయంత్రం అల్లుడు ఇంటికొస్తాడు. పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. కీర్తికకి కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నించుంటే నించోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం కాకముందే దాన్ని వెనక్కి చేర్చెయ్యాలని నిశ్చయించుకుని పీట దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

సుబ్బమ్మ వంటింట్లోంచే చూసింది.

"ఏటే గుంటా, ఎందుకు తీస్తన్నావు? రేపు తెల్లారీ దాకా ఏదీ కదలకూడదు."

నాన్న టాక్సీ కదల్లేదా అని కీర్తిక వాదించింది. టాక్సీ గుమ్మం బయటిది, అది తిరక్కపోతే పొయ్యిలో పిల్లి లేవదు, దానికి మినహాయింపని సుబ్బమ్మ అంది. అమ్మవారి ముందు పెట్టినదాన్ని బొట్టు ఆరకముందే లాక్కుపోతే విద్య అచ్చిరాదంది. ఆ మాటే నాలుగుసార్లు అని, పీటకి అడ్డంగా చాప వేసుకుని బైఠాయించింది.

అప్పుడు ఫోను మోగింది.

భద్రయ్య గొంతు. పలకరింపు లేదు. పొద్దున ఆయుధాలగదిలో ఆయనా పూజ చేసుకున్నాడు, ఏటా చేసుకున్నట్టే. ఇనుము బిగించే వైస్‌కి బొట్టు పెట్టాడు, బెంచీకి పెట్టాడు, రైఫిళ్ల వరసకి కర్పూరం చూపించాడు. నేర్చుకునే పిల్ల ఇవాళ లేదు కదా, పాపం దాని యాక్షన్లకి కూడా తనే బొట్టు పెడదామని బీరువా తెరిచాడు.

"రెండోది ఏదే?"

అబద్ధం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కాని తన ఇనపముక్కకి బొట్టు పెడదామని వచ్చి, చేతిలో కుంకుమ భరిణెతో ఆ ఖాళీ అర ముందు నించున్న మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల ఊపిరి మాత్రం వినబడుతోంది.

"టాక్సీ ఎక్కి వచ్చేయ్," అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "వెనక తలుపు దగ్గర ఉంటాను. లోపల పెట్టేద్దాం. నేనేం చూడలేదు. నాకేం తెల్దు."

ఫోను పెట్టేసింది. ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకి. గంట తిరక్కుండా అది బీరువాలో ఉంటుంది, ఎవరికీ తెలియదు, పరీక్ష ఉంటుంది, తాళాలు వస్తాయి. సంచి తీసుకుంది. ఈసారి అడగదలుచుకోలేదు, నాయనమ్మ మీదుగా చెయ్యి చాపైనా తీసేసుకుంటుంది.

హాల్లో అభిజిత్ పాలిపోయిన మొహంతో నిలబడి ఉన్నాడు. ఫోను మాటలు విన్నట్టున్నాడు.

"కీర్తిక గారూ, నాది ఎంప్లాయ్‌మెంట్ పాస్ అండీ. నేనున్న ఇంట్లో ఇది దొరికితే రేపే ఫ్లైట్ ఎక్కించేస్తారు. నా మాట వినండి, ఆ చెత్త గొట్టంలో పడేయండి. కింద చెత్తలో కలిసిపోతుంది. ఎవడికి తెలుస్తుందండీ?"

వంటింటి గోడలో చెత్త గొట్టం మూత ఉంది. పై అంతస్తుల నుంచి ఏదో గలగలమని కిందికి జారిన చప్పుడు అప్పుడే వినబడింది. నెలల తరబడి వేళ్లు ఒరిపించుకుని నునుపు చేసినదాన్ని అరటితొక్కల్లోకి విసరమంటున్నాడు. కీర్తిక అతని మీద విరుచుకుపడలేదు, అతని భయం అతనిది. కాదని తల మాత్రం ఊపింది.

సుబ్బమ్మ చాప మీంచి లేవకుండానే ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏదో జరిగిందని ఆవిడకి అర్థమైంది. సంగతేమిటో చెప్పి కదలమంది. కీర్తిక నేల మీద ఆవిడ ఎదురుగా కూలబడి అంతా చెప్పింది. ఆ ఇనపముక్క ఏమిటో, దాన్ని గడప దాటించడమే ఎంత నేరమో, తను ఎలా తెచ్చిందో, భద్రయ్య ఏమన్నాడో. సుబ్బమ్మ జైలు మాటకి అదరలేదు. చివరి మాట దగ్గర మాత్రం ఆగిపోయింది.

"భద్రయ్యేనా ఆ మాటన్నాడు? ఏం చూడలేదు, తెల్దు అన్నాడా?"

"అవును నానమ్మా."

"వాడి నోట అబద్ధం నేనెప్పుడూ వినలేదే," అంది సుబ్బమ్మ. కోపంగా కాదు, ఎవరో పోయారన్న కబురు విన్నట్టు అంది.

ఆ మాటతో కీర్తిక చేతిలో సంచి బరువెక్కింది. దారిలో పట్టుబడితే? నిన్న పట్టుబడి ఉంటే తను చేసిన తప్పు తనొక్కదానిదే అయ్యేది. ఇవాళ పట్టుబడితే దానికి భద్రయ్య కూడా భాగస్వామి. వెనక తలుపు దగ్గర కాచుకుని నించున్నాడని తేలుతుంది. లైసెన్సుతో పోదు, ఆ వయసులో ఆయన జైలు మొహం చూడాల్సి వస్తుంది. ఒకవేళ పట్టుబడకపోతే? రేపటి నుంచి రోజూ ఆ బీరువా తెరిచినప్పుడల్లా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేరు. ఆ గది తాళాలు ఆమె చేతికొస్తాయి. కాని ఆ తాళాలు ఇచ్చేది ఈ భద్రయ్య కాదు, ఎవరో అబద్ధమాడిన ముసలాయన.

చాలాసేపు కూర్చుంది. అభిజిత్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత కీర్తిక లేచి, క్లబ్బుకి ఫోను చేసింది. మొదటి గంటకే ఎత్తాడు భద్రయ్య.

"మాస్టారూ, నేను తేవడం లేదు. ఇది పీట మీదే ఉంటుంది. మీరు పోలీసులకి ఫోన్ చేసి చెప్పెయ్యండి. మీరు చెయ్యకపోతే నేనే చేస్తాను."

ఆయన తిట్టాడు. బతిమాలాడు కూడా, ఆయన బతిమాలడం ఆమె వినడం అదే మొదలు. నీ పరీక్ష ఏమవుతాదే పిచ్చిదానా అన్నాడు. ఆమె ఏడుస్తోంది గాని మాట మార్చలేదు. బీరువా తెరిచి చూశారు, లేదు, వెంటనే చెప్పారు, అంతవరకే మీరు, మిగతాది నేను చూసుకుంటానంది.

వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ మధ్యలో లిఫ్టు ఆ అంతస్తులో ఆగిన ప్రతిసారీ కీర్తికకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒకసారి పోస్టుమాను. ఒకసారి ఎవరో కూరగాయల సంచితో. అభిజిత్ తన పాసుపోర్టు, పాసు తెచ్చి చొక్కా జేబులో పెట్టుకుని, సోఫా అంచున దేనికైనా సిద్ధమన్నట్టు కూర్చున్నాడు. పారిపోలేదు, ఆ మాట చెప్పుకోవాలి. చివరికి లిఫ్టులోంచి నడివయసు చైనీస్ ఇన్‌స్పెక్టరు, ఇద్దరు పోలీసులు, వాళ్ల వెనక భద్రయ్య దిగారు. భద్రయ్య నుదుట పొద్దున పెట్టుకున్న కుంకుమ చెమటకి కారి కనుబొమ్మల దాకా వచ్చింది.

సుబ్బమ్మ గుమ్మంలో నిలబడి బూట్లు విప్పమంది. ఇన్‌స్పెక్టరు ఒక్కక్షణం ఆగి, విప్పాడు. పోలీసులూ విప్పారు. మేజోళ్లతో లోపలికొచ్చి, పీట మీద లాప్‌టాప్‌కీ కొబ్బరికోరుకీ నడుమ బంతిపువ్వు పెట్టుకుని కూర్చున్న దాన్ని చూసి, ముగ్గురూ నడక ఆపేశారు. ఇలాంటిది వాళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ ఎదురయి ఉండదు.

ఎవరు తెచ్చారని ఇన్‌స్పెక్టరు ఇంగ్లీషులో అడిగాడు. భద్రయ్య ముందుకొచ్చి, నేనే పూజకి పంపానన్నాడు. ఆ వెంటనే సుబ్బమ్మ, భాష పూర్తిగా రాకపోయినా సంగతి పట్టేసి, గుండె మీద చెయ్యి వేసుకుని, తెమ్మన్నది నేనని వచ్చీరాని మలయ్‌లో చెప్పింది. ఇన్‌స్పెక్టరు ఇద్దరినీ చూసి, ఒకరు చెబితే చాలన్నాడు.

"నేను తెచ్చాను," అంది కీర్తిక. "మాస్టారుకి తెలీదు. నానమ్మకి ఇదేమిటో తెలీదు. చట్టం తెలిసి కూడా తెచ్చింది నేనొక్కదాన్నే." ఇంగ్లీషులో మళ్లీ అదే చెప్పింది, ఒక్క మాట తగ్గించకుండా.

భద్రయ్య ఆమెకేసి చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఒక పోలీసు చేతితొడుగు వేసుకుని పీట దగ్గరికి వంగాడు. సుబ్బమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కీర్తిక కంగారుపడింది, ముసలావిడ ఇప్పుడు దశమి, ఉత్తరం దిక్కు అని మొదలుపెడితే ఏం గతి? కాని సుబ్బమ్మ వాదించలేదు. పళ్లెంలో అక్షింతలు తీసుకుని, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుని, పీట మీద చల్లింది. తర్వాత రెండు చేతులతో పీటని ఉత్తరానికి అంగుళం జరిపింది. పుట్టి బుద్ధెరిగాక నవమి నాడు ఉద్వాసన చెప్పడం ఆవిడకదే మొదలు.

"తీసుకెళ్లమను," అంది. మనవరాలి మొహంకేసి చూడలేదు. దాన్ని సంచిలో వేసి సీలు వేశారు. కీర్తికని వాంగ్మూలానికి వెంట తీసుకెళ్లారు. వెనక పీటతోపాటు అభిజిత్ లాప్‌టాప్‌కీ ఉద్వాసన అయిపోయిందని గుర్తించలేదు ఎవరూ. అతను కూడా దాన్ని ముట్టుకోలేదు, మర్నాటి పొద్దుటిదాకా.

జైలు తప్పింది. దొరక్కముందే తమంతట తాము చెప్పుకున్నారు కాబట్టి, ఇదే మొదటి తప్పు కాబట్టి, గట్టి హెచ్చరికతో వదిలిపెట్టారు. భద్రయ్య లైసెన్సు నిలబడింది. కీర్తికకి నేర్చుకునే అనుమతి రద్దయింది. పరీక్ష లేదు. ఆ దేశంలో ఏ ఆయుధాలగది గడపా ఆమె ఇక దాటకూడదు. భద్రయ్య ఆపించిన రెండు యాక్షన్లనీ పోలీసుల ఎదుట కోసెయ్యాలని ఉత్తరువు వచ్చింది.

కోసేరోజు కీర్తికని రమ్మన్నాడు భద్రయ్య. చివరిసారిగా ఆమె గదిలోకి రావడానికి ఇన్‌స్పెక్టరు చేత ఎలా ఒప్పించాడో తెలియదు. బల్ల మీద రెండూ పక్కపక్కన ఉన్నాయి. భద్రయ్య ఆమె చేతికి రంపం అందించాడు.

"ఎవడో వచ్చి టకటకా కోసి పారేత్తాడు. ఇది నీ చేతిలో బాగుపడింది. నువ్వే కొయ్యి."

ఆమె కాదనలేదు. తను తెచ్చిన యాక్షన్‌నే ముందు వైస్‌లో బిగించింది. బోల్టుని ఒకసారి వెనక్కి లాగి ముందుకి తోసింది, చప్పుడు లేకుండా జారింది. బోల్టు తీసి పక్కన పెట్టింది. గీత గీసింది, ఆకురాయితో గీత మీద చిన్న గాడి చేసింది, నూనె చుక్క వేసింది. రంపం పెట్టింది. ఒక్కక్షణం ఆగి, ఆయన నేర్పినట్టే భుజం నుంచి తోసింది. లోపలి గాడిలో తుడవకుండా మిగిలిపోయిన కుంకుమ ముందు ఎర్రగా రాలింది, తర్వాత తెల్లటి ఇనపరజను. ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

ముక్క తెగి వైస్ పక్కన పడింది. భద్రయ్య దాన్ని తీసుకుని, కళ్లజోడు పైకి తోసుకుని, కోసిన అంచు మీద బొటనవేలు ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించాడు. తిప్పి మళ్లీ నడిపించాడు.

"బాగుంది," అన్నాడు.

కీర్తిక రంపం బల్ల మీద పెట్టి, నూనె చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట కోసం చూసింది, అది ఇవాళ వచ్చింది, ఇలా వచ్చింది. ఇన్‌స్పెక్టరు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. భద్రయ్య ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగి, వైస్ వదులు చేశాడు. రెండోది ఇంకా మిగిలే ఉంది.